పన్నెండో వరుస

ఏన్కూరు,
18-6-1983

అమ్మలూ హైమా,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. మీ అమ్మ ప్రమీల చదివి వినిపించింది. తను పొలానికి వెళ్ళాక నేను కూడబలుక్కుంటూ మళ్ళీ చదువుకున్నాను. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి, మూడో తరగతిలో మాన్పించారు నన్ను, ఓపిగ్గా చదువుకో.

హైదరాబాదులో ఎమ్మెస్సీ అంటే నాలుగు గోడల మధ్య చదువనుకున్నాను. కుటుంబ సంబంధాలు, పిల్లల ఎదుగుదల, తిండీ తిప్పలూ అన్నావు. ఇవన్నీ మా అత్తగారు నాకు గరిటెతో నేర్పారు. కుటుంబ సంబంధాలకి పరీక్ష పెడితే మన ఇంట్లో ఒక్కరూ పాసవరు అని మీ తాతయ్య నవ్వుతున్నారు. ఆయనకి నవ్వు, నాకు వణుకు. చర్ల దగ్గర అడవిలో ఆరు నెలలు ఉంటావా? పెళ్ళికాని పిల్లవి. వాగులు, చలిజ్వరాలు. ఆ ఊళ్ళో నువ్వు ఉండబోయే ఆ నర్సమ్మ ఇంటి తలుపుకి గడియ ఉందో లేదో రాయలేదు నువ్వు.

అదంతా సరే. పసిపిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టి, తలదగ్గర చెక్క ఆనించి, పాదాల దగ్గర ఇంకో చెక్క జరిపి పొడవు కొలుస్తానని రాశావే, ఆ మాట చదివి మీ అమ్మ ముందుకి పోయింది గానీ నేను అక్కడే ఆగిపోయాను. పడుకున్న మనిషిని కొలిచేది ఒక్కసారే తల్లీ. పాడె కట్టేటప్పుడు.

నువ్వు వినవని తెలుసు. అందుకే తునికాకు వ్యాపారం మీద అటు వస్తున్న చెంచురామయ్య చేత సన్నికల్లు పొత్రం పంపుతున్నాను. ఇది నీదే. నీ బారసాల నాడు నిన్ను ఉయ్యాల్లో వేసేముందు దీన్ని వేశాం. ముందు రాయి పడుకుంటే చెడు చూపు రాయికి పోతుంది, తర్వాత పడుకున్న బిడ్డ చల్లగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా దీంతో పచ్చడి నూరనివ్వలేదు నేను. పిల్లల్ని పడుకోబెట్టే ముందు ప్రతిసారీ దీన్ని పడుకోబెట్టు. పిల్లలకి ఏదైనా పెట్టేటప్పుడు ముందు దీనికి చూపించి పెట్టమను. ఎందుకని అడక్కు.

నీళ్ళు కాచి తాగు.

నీ నాయనమ్మ సుబ్బరత్నం

*

చర్ల,
5-7-1983

నాయనమ్మా,

చెంచురామయ్య బాబాయి గోనెసంచీలోంచి రాయి తీసి ఇస్తుంటే నర్సమ్మా నేనూ పడీపడీ నవ్వాం. తలుపుకి గడియ ఉంది. రెండున్నాయి.

కానీ నీ రాయే నా పరువు కాపాడింది. నేను పిల్లల్ని కొలిచే గూడెం చర్లకి రెండు కోసుల దూరం, మధ్యలో వాగు. మొదటిరోజు కొలబల్ల పరవగానే తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని వెనక్కి జరిగారు. ముత్తక్క అని ఒకావిడ, "గిట్ల పండబెట్టి కొలుస్తరా బిడ్డా? సచ్చినోళ్ళనే గట్ల కొలుస్తం మేం" అంది. అచ్చు నీ మాటే! అప్పుడు నీ పొత్రం తీసి బల్ల మీద పడుకోబెట్టాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ముందు పెద్దదాన్ని పండబెట్టింది, ఇగ భయం లేదు" అని ముత్తక్కే తన పిల్లని ఇచ్చింది. ఆ పిల్ల పేరు జంపక్క, పధ్నాలుగు నెలలు. పెద్ద గొంతు. కొలుస్తున్నంతసేపూ వాగు అవతలికి వినిపించేలా ఏడ్చింది.

నా పరిశోధన చూసే మా మేడమ్ కూడా, ఎప్పటికీ పొడవు మారని వస్తువు ఒకటి పెట్టి బల్లని నెలనెలా సరిచూసుకోమన్నారు. రాయికన్నా మారనిది ఏముంది? అందుకని కొలతల పుస్తకంలో పదకొండుమంది పిల్లల కింద పన్నెండో వరుసలో రాయిని కూడా రాశాను. పదిహేడు సెంటీమీటర్లు. జంపక్క అరవై ఎనిమిది, అంటే నీ రాయికి సరిగ్గా నాలుగు రెట్లు. ఆ వయసుకి అది చాలా తక్కువ. బరువు ఆరు కిలోలు. ముత్తక్కకి ఇప్పుడు ఆరో నెల, అందుకని పిల్లకి పాలు మాన్పించింది. పుస్తకంలో పేరున్న పిల్లలకి వేయించిన జొన్నపిండి, పెసరపిండి, వేరుశనగ, బెల్లం కలిపి పొట్లాలు ఇస్తున్నాను. నువ్వన్నట్టే ముందు రాయికి చూపించి పెట్టమన్నాను, నీ పేరు చెప్పి.

రాయి పేరేంటని అడిగారు. నాకేం తెలుసు? పుస్తకంలో 'పెద్దపిల్ల' అని రాశాను. బారసాల నాడు రాయికీ పేరు పెడతారటగా, నువ్వు ఏం పెట్టావు?

బల్ల బరువు, వాగు దాటించలేను. బల్లా రాయీ ముత్తక్క ఇంట్లోనే పెట్టి వస్తున్నాను.

హైమ

*

ఏన్కూరు,
22-7-1983

హైమా తల్లీ,

గడియ సంగతి రాసినందుకు సంతోషం. రెండూ వేసుకో.

ముత్తక్క అన్న మాట చదివాక ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. చదువుకున్నవాళ్ళకి తెలియనివి ఆవిడకి తెలుసు. ఆరో నెల అంటున్నావు, బరువులు ఎత్తవద్దను.

ఇక్కడ మిరప నారు కుళ్ళింది. మీ తాతయ్య దగ్గు తగ్గలేదు, చుట్ట మానరు. గేదె ఈనింది, దూడ నిలబడలేదు. ఇవన్నీ నీకెందుకులే.

రాయి పేరు అడిగావు. పెద్దపిల్ల అన్నావుగా, అదే బాగుంది, అలాగే ఉండనీ. కానీ పుస్తకంలో ఎందుకు రాశావు? పుస్తకంలో ఎక్కిన మనిషి తన వాటా అడుగుతుంది.

రెయిన్‌కోటు కొనుక్కో.

నాయనమ్మ

*

చర్ల,
29-8-1983

నాయనమ్మా,

నీ రెయిన్‌కోటు లేకుండానే వానాకాలం సగం గడిచింది. ముసురు పట్టి నెలంతా వదల్లేదు. వాగు పొంగి ఇరవై రోజులు గూడేనికి వెళ్ళలేకపోయాను. ముత్తక్క ఇంటి కప్పు కారి బల్ల తడిసింది. పాపం ఆవిడే పొయ్యి దగ్గర నిలబెట్టి ఆరబెట్టింది.

మంచి కబురు! జంపక్క అరవై తొమ్మిదికి వచ్చింది. బరువు కూడా పెరిగింది. మిగతా పిల్లలూ పెరిగారు. పిండి పనిచేస్తోంది!

ఇంకో తమాషా. నీ రాయి కూడా పెరిగింది. పదిహేడూ పావు. నేను పైకి చదివి, "పెద్దపిల్లకీ ఒళ్ళొచ్చింది" అంటే అందరూ నవ్వారు. ముత్తక్క నవ్వలేదు. "ఎంత?" అని రెండుసార్లు అడిగింది. బల్ల చెక్క నానింది కదా, ఏదో తేడా వచ్చి ఉంటుంది.

రాయిని జంపక్క పాత గుడ్డలో చుట్టి పెట్టింది ముత్తక్క. విప్పి చూస్తే ఒక పక్కన కాటుక చుక్క. పొయ్యి దగ్గర ఉంచినందువల్ల కాబోలు, చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. నాకు ఒక్క క్షణం దాన్ని బల్ల మీద ధన్‌మని పెట్టబుద్ధి కాలేదు. తలవైపు చెయ్యి వేసి పడుకోబెట్టాను. తలవైపు ఏదో నాకేం తెలుసు? అయినా వేశాను.

హైమ

*

ఏన్కూరు,
9-9-1983

హైమా,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నేను కుదురుగా లేను. పెరిగేది ఏదైనా ఎవరిదో ఒకరిది తిని పెరుగుతుంది. చెంచురామయ్య నిన్న వచ్చాడు. "అమ్మాయి సగమైపోయింది పిన్నీ, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి" అన్నాడు. నాకు చెప్పలేదేం? జ్వరమా? దాచకు.

నేను నిన్ను కాపాడాలని పంపిన రాయి అది. నీదని చెప్పి పంపాను. నీది కనుక నిన్నే తింటోందేమో. రాయిని వెంటనే నాకు పంపెయ్యి. పంపేలోపు దాని కొలత పైకి చదవకు. మీ తాతయ్య నాకు మతి పోయిందంటున్నారు. పోతే పోనీ. పర్ణశాల వెళ్ళి సీతమ్మకి చీర పెడతానని మొక్కుకున్నాను, నీ ఒళ్ళు నీకు తిరిగి వస్తే.

రోజూ గ్లాసుడు పాలు తాగు.

నాయనమ్మ

*

చర్ల,
7-10-1983

నాయనమ్మా,

నువ్వు ఇలా రాస్తే నేను ఇక ఉత్తరాలు రాయను. నాకు వచ్చింది మలేరియా. ఇక్కడ అందరికీ వచ్చేదే. మాత్రలు మింగాను, తగ్గింది. రాయి నన్ను తినడం లేదు. రాయి పంపేస్తే తల్లులు పిల్లల్ని బల్ల మీద పెట్టనివ్వరు, నా చదువు ఆగిపోతుంది. ఇంకో రెండు నెలలు ఓర్చుకో.

జంపక్క డెబ్బై! మొహం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా తయారైంది. చేతులూ కాళ్ళూ బొద్దుగా ఉన్నాయి. బరువు ఆరు కిలోల ఎనిమిది వందలు. మేడమ్‌కి చూపించడానికి ఈ పిల్ల ఒక్కతే చాలు. జుట్టు మాత్రం రాగి రంగుకి తిరిగింది, ఎండకేమో. ఎంత బుద్ధిమంతురాలైందో తెలుసా? అసలు ఏడవడం లేదు. బల్ల మీద పడుకోబెడితే కదలకుండా పైకప్పు చూస్తూ ఉంటుంది. మొదటి నెల ఆ గోల చేసిన పిల్లేనా అనిపిస్తుంది.

రాయి పదిహేడున్నర. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ అబద్ధం ఆడలేను.

ముత్తక్కకి మగపిల్లాడు పుట్టాడు. తండ్రి దూలయ్య ఇప్పసారాతో పండగ చేసుకున్నాడు. నేను వెళ్ళేసరికి పట్టపగలు ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు, చీర ఉయ్యాల మాత్రం మెల్లగా ఊగుతోంది. పసివాడు కాబోలని తొంగి చూశాను. పసివాడు కాదు. నీ రాయి. కింద చాప మీద జంపక్క పడుకుని ఆ ఉయ్యాలనే చూస్తోంది. పక్కన రెండు ఆకు దొప్పలున్నాయి, ఒకటి నిండా, ఒకటి అడుగున కొంచెం. అంతలో ముత్తక్క పసివాడిని ఎత్తుకుని పెరట్లోంచి వచ్చింది. తన పిల్ల సంగతి అడగలేదు. "పెద్దది ఎంతున్నది?" అంది.

ఎందుకో ఆ రోజు వాగు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు నేను. నీ భయాలు నాకూ అంటించావు, అంతే.

హైమ

*

ఏన్కూరు,
14-10-1983

హైమా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, టపాలో అయితే ఆలస్యమవుతుంది. కోపం తర్వాత పడుదువుగాని. చెప్పింది చెయ్యి.

బొద్దుగా అయి, జుట్టు రాగి రంగు తిరిగి, ఏడుపు మానేసిన పిల్ల బాగుపడ్డ పిల్ల కాదు. వెంటనే వెళ్ళు. ఆ పిల్ల పాదం పైన నీ బొటనవేలితో నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి తియ్యి. గుంట పడి అలాగే ఉండిపోతే, బల్లా పుస్తకం అక్కడే వదిలేసి పిల్లని ఎత్తుకుని భద్రాచలం దవాఖానాకి పో. తల్లి వద్దన్నా పో.

నాకెలా తెలుసని అడక్కు. వెళ్ళు.

నాయనమ్మ

*

భద్రాచలం, దవాఖానా వరండాలో,
30-10-1983

నాయనమ్మా,

గుంట పడింది. నేను వేలు తీశాక కూడా నా వేలు ఆ పాదంలో ఉన్నట్టే ఉండిపోయింది.

పన్నెండు రోజులుగా ఇక్కడే ఉన్నాను. ఆ పిల్లకి పట్టింది కండ కాదు, నీరు. డాక్టరమ్మ నన్ను అందరి ముందూ చివాట్లు పెట్టింది. "పోషకాహారం చదువుతున్నావా? ఏం చదివావు?" అంది. ఈ జబ్బు గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాశాను నాయనమ్మా. బాగుపడాలని ఎంత కోరుకున్నానంటే, బాగుపడినట్టే కనిపించింది. నీరు దిగాక తూస్తే అయిదు కిలోల రెండు వందలు. ఇక్కడి ఇనప కొలబద్దతో కొలిస్తే అరవై ఎనిమిది. జూలైలో ఎంతో ఇప్పుడూ అంతే. ఒక్క గీత కూడా పెరగలేదు.

సంగతి ఏమిటంటే, బల్లకి కొట్టింది గుడ్డ టేపు. వానకి తడిసి, పొయ్యి సెగకి ఎండి కుంచించుకుపోయింది. దాంతో కొలిచినవన్నీ పొడవుగా కనిపించాయి. రాయి అరసెంటీమీటరు పెరిగితే, దానికి నాలుగు రెట్లున్న పిల్ల రెండు పెరిగినట్టు కనిపించాలి. అంతే కనిపించింది. రాయి నెలనెలా నాకు చెబుతూనే ఉంది. నేను నవ్వాను. ముత్తక్క వెంట తెచ్చుకున్న రాయిని కూడా ఇనప కొలబద్ద మీద పెట్టి చూశాను. పదిహేడే. నువ్వు భయపడకు.

కానీ ఒక సంగతి చెప్పాలి. పిండి ఏమైందని ముత్తక్కని అడిగాను. "పెద్దదానికి పెట్టిన" అంది.

"రాయికా? ముందు చూపించమన్నాను గానీ పెట్టమన్నానా?"

"అవ్, రాయికే. పుస్తకంల పేరున్నోళ్ళకు పెట్టాలె అన్నది నువ్వే. ముందుగాల దానికే అన్నది మీ నాయనమ్మ. అది నెలనెలా పెరుగుతున్నదని సదివింది నువ్వే. పెరిగేదానికి సగం సాలుతదా? దానికి తక్కువైతే నా చిన్నదాన్ని ఉంచుతదా?"

నేను చదివిన ప్రతి అంకెకీ జంపక్క దొప్పలోంచి ఒక పిడికెడు రాయి దొప్పలోకి పోయింది. దూలయ్య ఆవిడ మీదికి చెయ్యెత్తితే నేనే అడ్డం వెళ్ళాను. "తప్పు నాది" అంటే ముత్తక్క నా మొహంలోకి చూసి, "నీదా, నాదా అని తర్వాత తేల్సుకుందాంలే. ముందు పాలు తాపియ్యి" అంది.

మరి ఆ దొప్పలోది ఎవరు తిన్నారు? కోళ్ళా అన్నాను. "దొప్ప మీద రోజూ మూత పెడ్త. కోళ్ళు మూత తీసి తిని మళ్ళా మూత పెడ్తయా?" అంది.

ఈ జబ్బు ఎందుకు వస్తుందో నీకు సులువుగా చెబుతాను. కడుపులో ఇంకో బిడ్డ పడగానే చంటిపిల్లకి పాలు మాన్పించి, ఉత్త గంజి పోస్తే వస్తుంది. దిష్టీ కాదు, రాయీ కాదు. పాలకి బదులు పప్పో గుడ్డో పెడితే రాదు.

నిన్న పొద్దున జంపక్క ఏడ్చింది. వార్డంతా లేచింది. ముత్తక్కా నేనూ ఒకళ్ళని ఒకళ్ళు పట్టుకుని మేమూ ఏడ్చాం.

రాయిని చెంచురామయ్య బాబాయికి ఇస్తున్నాను. నీకెలా తెలిసిందో ఇప్పుడైనా చెప్పు.

నీ హైమ

*

ఏన్కూరు,
21-11-1983

నా తల్లీ హైమా,

జంపక్క ఏడ్చిందన్న మాట దగ్గర నేను ఉత్తరం మడిచి, దేవుడి గూట్లో పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ముత్తక్కని తిట్టకు. ఆవిడ చేసింది నేను చెప్పిందే. నేనూ అదే చేసి ఉండేదాన్ని.

ఎలా తెలిసిందని అడిగావు. మీ నాన్నకి ఒక అక్క ఉండేది. ఈ సంగతి మీ నాన్నకే తెలియదు. మేం కృష్ణ ఒడ్డునుంచి ఇక్కడికి రాకముందు మాట. పేరు నిర్మల. బారసాల నాడు పొత్రం మా అత్తగారి చేతిలో ఉంది, దోసకాయ పచ్చడి నూరుతున్నారు. "కడిగి ఇస్తానుండు" అన్నారు. పంతులుగారు వర్జ్యం వస్తోందని తొందరపెట్టారు. రాయి వేయకుండానే పిల్లని వేశాం. ఏడాది తిరిగాక పిల్ల బొద్దుగా అయింది. చూసినవాళ్ళంతా బంగారుబొమ్మ అన్నారు. ఏడుపు మానేసింది, ఎంత బుద్ధిమంతురాలో అన్నారు. మా అమ్మ వచ్చి పాదం నొక్కి చూసి, బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. నాలుగో రోజున పోయింది. పదమూడు నెలలు. పడుకోబెట్టి కొలిచారు తల్లీ, చిన్న గుంటకి కొలత కావాలిగా.

ఆ రోజు రాయి వేయకపోవడం వల్లే పోయిందని నలభై ఏడేళ్ళు అనుకున్నాను. అందుకే నీ బారసాలకి రాయిని ముందు నేనే వేశాను. దాని చెవి ఎక్కడుంటుందో అక్కడ వంగి, నిర్మలా అని పిలిచాను. పుస్తకంలో రాయకు అన్నది అందుకే.

ఇప్పుడు నువ్వు రాశావు, దిష్టీ కాదు, రాయీ కాదు, గంజి అని. అప్పుడు మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. పాలు మాన్పించాను. అందరూ మాన్పించేవాళ్ళే. గంజి పోసింది ఈ చేతులే. రాయి మీద తప్పు ఉన్నంతకాలం నేను బతకగలిగాను హైమా. నువ్వు చదువుకున్న చదువు మంచిదే. నాకు మాత్రం బరువుగా ఉంది. అయినా దాచవద్దు, ఊరూరా చెప్పు. నీ కంటే ముందు నాకెవరూ చెప్పలేదు.

నాదొక్క కోరిక. నీ పుస్తకంలో పన్నెండో వరుస కొట్టెయ్యకు. పెద్దపిల్ల అన్నచోట నిర్మల అని రాయి. వయసు పదమూడు నెలలు, ఒళ్ళు నీరుపట్టి పోయింది అని రాయి. ఆ పిల్ల పేరు ఇంతవరకు ఏ కాగితం మీదా లేదు. మీ మేడమ్ అడిగితే మా నాయనమ్మ కూతురని చెప్పు.

రాయి చేరింది. కుంకుడురసంతో మూడుసార్లు కడిగాను. మధ్యాహ్నం వేళ వేయించిన జొన్నపిండీ బెల్లమూ వాసన వేస్తోంది. మీ అమ్మకి రావడం లేదట. నేను దానికేమీ పెట్టడం లేదు, ఒట్టు. పక్కన కూర్చుని అన్నం తింటున్నాను, అంతే.

ఒకటి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నీ బారసాల నాడు రాయి చుట్టూ పసుపుదారం కట్టాను. తర్వాత విప్పి నీ జాతకం కాగితంలో దాచాను. ముడి పడిన చోట ఇంకా మడత ఉంది. నిన్న తీసి రాయి చుట్టూ పెట్టి చూశాను. ముడిదాకా అందలేదు, వేలెడు తక్కువైంది.

దారం కుంచించుకుపోయి ఉంటుంది. నీ టేపులాగే. అంతే అయి ఉంటుంది కదూ?

అన్నం తిను. జంపక్కని నా బదులు ఒకసారి ఏడిపించు.

నాయనమ్మ